తుప్పు పట్టి బిగుసుకున్న, విరిగిన బోల్టులను తీయడం: పాత ట్రాక్టర్లు, సేద్యపు పనిముట్లలో పాటించవలసిన పద్ధతులు

తొలకరి వాన పడి నేల పదునుకు వచ్చాక రైతుకు దొరికే సమయం చాలా తక్కువ. నల్లరేగడిలో అయితే రెండు మూడు రోజులు ఆలస్యమైనా పైపొర ఆరిపోతుంది, లేదా మళ్లీ వాన పడి ట్రాక్టరు దిగబడుతుంది. సరిగ్గా ఆ సమయంలో కల్టివేటర్ కర్రు మార్చబోతే బోల్టు కదలదు. పానాకు పొడవాటి పైపు తొడిగి ఇద్దరు కలిసి తొక్కితే బోల్టు తల తెగిపోతుంది. పావుగంటలో అయ్యే పని వెల్డింగ్ షాపు దగ్గర రోజంతా పడుతుంది. ఒక్కోసారి చేతికి, కంటికి దెబ్బ కూడా తగులుతుంది.

తుప్పు పట్టిన బోల్టులు విరగడానికి ఎక్కువ సందర్భాల్లో కారణం తుప్పు ఒక్కటే కాదు, తొందర కూడా. నూనె నాననివ్వడం, సుత్తితో తట్టడం, కొద్దికొద్దిగా కదపడం, వేడి చేయడం, చివరికి కోయడం అనే వరుసలో పని చేస్తే చాలా బోల్టులు విరగకుండానే వస్తాయి. అందుకే ఈ పనిని వాన పడ్డాక కాకుండా రబీ కోతలు ముగిశాక, రోహిణి కార్తె వచ్చేలోపే పెట్టుకోవాలి. అప్పుడు బోల్టును ఒకటి రెండు రోజులు నాననిచ్చే వీలుంటుంది.

బోల్టులు ఎందుకు బిగుసుకుపోతాయి?

ఇనుము తుప్పుగా మారితే మొదట ఉన్న ఇనుము కంటే రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. నట్టుకు, బోల్టుకు మధ్య ఉండే సన్నని సందులో తుప్పు పేరుకుని ఉబ్బడంతో రెండూ ఒకదానికొకటి పట్టుకుపోతాయి. పానాతో తిప్పినప్పుడు మనం ఎదుర్కొనేది ఈ పట్టునే. దీనికి తోడు మన పనిముట్లలో మరికొన్ని కారణాలు ఉంటాయి.

- దమ్ము (కరిగట్టు) చేసే కేజ్‌వీళ్లు, రోటావేటర్ల నట్ల చుట్టూ బురద చేరి ఎండిపోతుంది. ఆ మట్టి తేమను పట్టి ఉంచుతుంది.
- విత్తనం, ఎరువు కలిపి వేసే గొర్రులో ఎరువు పొడి మిగిలిపోతుంది. యూరియా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ క్లోరైడు ఉప్పు కాబట్టి ఇనుమును త్వరగా తినేస్తుంది.
- కోస్తాలో ఉప్పుగాలికి, ఉప్పునీటి రొయ్యల చెరువుల గట్ల మీద పనిచేసే ట్రాక్టర్లకు తుప్పు మరింత త్వరగా పడుతుంది.
- బోల్టు వంగిపోవడం, బయటికి వచ్చిన చివర సుత్తి దెబ్బకు నలగడం, ఒక కొలత బోల్టుకు వేరే కొలత నట్టు బలవంతంగా ఎక్కించడం కూడా బోల్టు రాకపోవడానికి కారణాలే.

కాబట్టి బలం పెట్టేముందు బోల్టును పరీక్షగా చూడాలి. చివర నలిగి ఉంటే ముందు ఆకురాయితో సరిచేయాలి. లోపల నైలాన్ రింగు ఉన్న నట్టు అయితే అది మొదటి నుంచి చివరి దాకా బిగువుగానే తిరుగుతుంది, దాన్ని తుప్పు అనుకోరాదు. గడ్డి కోసే బ్రష్ కట్టర్ బ్లేడు నట్టు వంటి కొన్నింటికి ఎడమ మర ఉంటుంది. వాటిని గడియారం ముల్లు తిరిగే దిశలోనే తిప్పితే ఊడతాయి. ఇది గమనించక మామూలుగా విప్పబోయి ఇంకా బిగించి విరగ్గొట్టే వారు ఉన్నారు.

పని మొదలుపెట్టే ముందు

1. ట్రాక్టరును చదునైన చోట నిలిపి, ఇంజిన్ ఆపి, తాళం చెవి తీసి జేబులో పెట్టుకోవాలి. హ్యాండ్ బ్రేక్ వేసి చక్రాలకు రాళ్లు లేదా చెక్క దిమ్మెలు అడ్డుపెట్టాలి.
2. పనిముట్టును చెక్క దిమ్మెల మీదికి దించాలి. హైడ్రాలిక్‌తో ఎత్తి ఉంచిన రోటావేటర్ కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరకూడదు. లీవర్ తగిలినా, పైపు పగిలినా అది ఒక్కసారిగా మీద పడుతుంది. చక్రం విప్పేటప్పుడు కూడా జాకీ ఒక్కదాన్నే నమ్మకూడదు.
3. రోటావేటర్ బ్లేడ్లు విప్పేటప్పుడు పీటీఓ షాఫ్టును ట్రాక్టరు నుంచి తప్పించాలి. రోటర్ తిరగకుండా చెక్క దిమ్మె అడ్డుపెట్టాలి.
4. సుత్తి, గ్రైండర్, డ్రిల్ వాడేటప్పుడు కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. తుప్పు పెళ్లలు, ఇనుప ముక్కలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.
5. డ్రిల్, గ్రైండర్ దగ్గర మెడలో తువ్వాలు, వదులు చేతుల చొక్కా, లుంగీ ఉండకూడదు. డ్రిల్ చేసేటప్పుడు గుడ్డ తొడుగులు కూడా వేసుకోకూడదు. అవి బిట్‌కు చుట్టుకుంటే చెయ్యి లోపలికి లాగేస్తుంది.
6. వేడి చేసే పని, వెల్డింగ్ గడ్డివాము, కొట్టం, డీజిల్ డ్రమ్ముల దగ్గర పెట్టుకోరాదు. పక్కన రెండు బకెట్ల నీళ్లు, ఇసుక ఉంచుకోవాలి. పని అయిన తర్వాత మరో అరగంట ఆ చోటును కనిపెట్టి ఉండాలి.

దగ్గర ఉంచుకోవలసిన సామాను

వైర్ బ్రష్, రింగ్ పానాలు, ఆరు మూలల సాకెట్లు, కిలో బరువు సుత్తులు రెండు, ఉలి, సెంటర్ పంచ్, ఆకురాయి, ఆక్సా బ్లేడు, లాకింగ్ ప్లయర్, తుప్పు వదిలించే స్ప్రే చాలా పనులకు సరిపోతాయి. డ్రిల్ యంత్రం, గ్రైండర్, ట్యాప్ సెట్టు అందరూ కొనవలసిన పని లేదు. నలుగురైదుగురు రైతులు కలిసి కొనుక్కోవచ్చు, లేదా కస్టమ్ హైరింగ్ కేంద్రం నడిపే రైతు సంఘం ఒక సెట్టు ఉంచుకోవచ్చు.

రెండు వైపులా నోరు తెరిచి ఉండే పానా, స్క్రూ పానా తుప్పు పట్టిన నట్లకు పనికిరావు. అవి రెండు పక్కలనే పట్టుకుంటాయి కాబట్టి జారి నట్టు మూలలు అరిగిపోతాయి. పన్నెండు మూలల రింగ్ కంటే ఆరు మూలల సాకెట్ నట్టును గట్టిగా పట్టుకుంటుంది.

తీసే పద్ధతి: వరుస తప్పకూడదు

మొదటి మెట్టు, శుభ్రం చేయడం. నట్టు చుట్టూ ఉన్న మట్టి, పెయింటు, తుప్పు పెళ్లలను వైర్ బ్రష్‌తో గీకాలి. బయటికి వచ్చిన బోల్టు చివర థ్రెడ్డును (చుట్లను) ప్రత్యేకంగా శుభ్రం చేయాలి. నట్టు ఆ చుట్ల మీదుగానే బయటికి రావాలి. అక్కడ మట్టి ఉంటే మొదట కదిలిన నట్టు కూడా మధ్యలో ఇరుక్కుంటుంది.

రెండో మెట్టు, నూనె నాననివ్వడం. ఆటోమొబైల్ షాపుల్లో దొరికే డబ్ల్యూడీ-40 వంటి తుప్పు వదిలించే స్ప్రే వాడవచ్చు. అది లేకపోతే డీజిల్ లేదా కిరోసిన్‌లో కొద్దిగా పలుచటి గేర్ ఆయిల్ (ఏటీఎఫ్) కలిపి వాడవచ్చు. చిక్కటి గ్రీజు, చిక్కటి ఇంజిన్ ఆయిల్ సందుల్లోకి దిగవు. నట్టుకు రెండు వైపులా, వాషర్ కిందికి దిగేలా వేయాలి. ఒకసారి పోసి వెంటనే పానా పట్టుకుంటే ఫలితం ఉండదు. సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి వేసి, కనీసం ఒక రాత్రి నాననివ్వాలి. బాగా తుప్పు పట్టినవాటికి రెండు రోజులు ఇవ్వాలి. విడిగా తీయగల చిన్న భాగాలను డీజిల్‌లో ముంచి ఉంచవచ్చు.

మూడో మెట్టు, సుత్తితో తట్టడం. దెబ్బకు తుప్పు పొర చిట్లి నూనె లోపలికి దిగుతుంది. నట్టు ఒక పక్కకు బరువైన సుత్తి ఆనించి పట్టుకుని, రెండో పక్క నుంచి మరో సుత్తితో కొట్టాలి. ఇలా ఆరు పక్కలా చేయాలి. బోల్టు తల మీద కూడా నిటారుగా నాలుగైదు దెబ్బలు వేయవచ్చు. బోల్టు చివర మీద మాత్రం నేరుగా కొట్టరాదు, చుట్లు నలిగిపోతాయి. కొట్టక తప్పకపోతే పాత నట్టు ఒకటి చివరకు సమానంగా ఎక్కించి దాని మీద కొట్టాలి. పోత ఇనుముతో చేసిన గేర్‌బాక్స్, హౌసింగ్‌ల మీద గట్టి దెబ్బలు పడకూడదు, అవి పగులుతాయి.

నాలుగో మెట్టు, కొద్దికొద్దిగా కదపడం. పానా వేసి మొదట బిగించే వైపు కొంచెం నొక్కి చూడాలి, తర్వాత విప్పే వైపు. వెంట్రుకవాసి కదిలినా చాలు. పావు చుట్టు విప్పి, మళ్లీ కొంత బిగించి, నూనె వేసి, ఇంకొంచెం విప్పాలి. ఇలా ముందుకు వెనక్కి నడిపిస్తే లోపలి తుప్పు పొడి అయి బయటికి వస్తుంది. కదిలింది కదా అని ఒకేసారి విప్పుకుంటూ పోతే ఆ పొడి మధ్యలో ఇరుక్కుని బోల్టు తెగుతుంది.

పైపు తొడిగే ముందు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. 8.8 గ్రేడు 12 మి.మీ. బోల్టును బిగించడానికి, మీటరు పొడవు కాడ చివర సుమారు 8 కిలోల బరువు వేలాడదీసినంత బలం చాలు. పట్టుకుపోయిన అదే బోల్టు మెలి తిరిగి తెగడానికి సుమారు 13 కిలోలు సరిపోతాయి. మీటరు పైపు చివర ఒక మనిషి మామూలుగా లాగినా అంతకంటే ఎక్కువే పడుతుంది. పానా కదులుతూ వదిలితే స్ప్రింగులా వెనక్కి వస్తోందంటే నట్టు తిరగడం లేదు, బోల్టు మెలి తిరుగుతోంది అని అర్థం. వెంటనే ఆపి ముందు మెట్లు మళ్లీ చేయాలి. పానాను తోయడం కంటే తన వైపు లాగడం మంచిది. తోయక తప్పకపోతే అరచేయి తెరిచి నెట్టాలి. అప్పుడు పానా జారినా వేళ్లు ఇనుముకు కొట్టుకోవు.

ఐదో మెట్టు, వేడి చేయడం. నట్టును వేడి చేస్తే అది వ్యాకోచించి, రెండింటి మధ్య తుప్పు పట్టు విరుగుతుంది. 12 మి.మీ. నట్టు వేడి 300 డిగ్రీలు పెరిగితే దాని రంధ్రం సుమారు 0.04 మి.మీ. పెద్దదవుతుంది. చూడడానికి చిన్న కొలతే అయినా తుప్పు పట్టు విడవడానికి ఇది చాలు. మంట నట్టు మీదే పడాలి. బోల్టు కూడా సమానంగా వేడెక్కితే రెండూ కలిసి ఉబ్బుతాయి, ప్రయోజనం ఉండదు. ముందు వేసిన నూనెను గుడ్డతో పూర్తిగా తుడిచి, ఆరనిచ్చిన తర్వాతే మంట పెట్టాలి. నట్టు ముదురు ఎరుపు రంగుకు వచ్చాక మంట తీసేసి, రంగు పోయాక వెచ్చగా ఉండగానే కదపాలి. రాకపోతే పూర్తిగా చల్లారనిచ్చి నూనె వేసి మళ్లీ వేడి చేయాలి. రెండు మూడు సార్లు వేడి, చల్లదనం తగిలితే చాలావరకు వదులుతుంది. వెచ్చటి చుట్ల దగ్గర కొవ్వొత్తి మైనం ఆనిస్తే అది కరిగి లోపలికి పాకి నూనెలా పనిచేస్తుంది. వేడి మీద ఉన్న పోత ఇనుము మీద నీళ్లు పోయకూడదు, చిట్లిపోతుంది.

వేడి చేయకూడని చోట్లు

- టైరు ఉన్న రిమ్మును, చక్రం బోల్టులను మంటతో వేడి చేయడం, రిమ్ముకు వెల్డింగ్ చేయడం ప్రాణాంతకం. లోపలి రబ్బరు వేడికి ఆవిరై ఆ వాయువులు పేలుతాయి. గాలి తీసేసినా ప్రమాదం పోదు. టైరును రిమ్ము నుంచి పూర్తిగా విప్పాకే ఆ పని చేయాలి.
- డీజిల్ ట్యాంకు, బ్యాటరీ, హైడ్రాలిక్ పైపులు, ఆయిల్ సీళ్లు, బేరింగుల దగ్గర మంట పెట్టకూడదు.
- ఖాళీ పురుగుమందు డ్రమ్ములు, స్ప్రేయర్ ట్యాంకులు కూడా అంతే. లోపల మిగిలిన మందు ఆవిరి మండవచ్చు, విషవాయువు రావచ్చు.
- అల్యూమినియం భాగాలు ఎర్రబడకుండానే సుమారు 660 డిగ్రీలకు కరిగిపోతాయి. రంగు చూసి అంచనా వేయడం కుదరదు.
- జింకు పూత ఉన్న తెల్లని బోల్టులను ఎర్రగా కాలిస్తే వచ్చే తెల్లటి పొగ పీలిస్తే చలి జ్వరం వస్తుంది. గాలి వచ్చే చోట, పొగకు ఎదురుగా నిలబడకుండా చేయాలి.

ఎర్రగా కాల్చిన బోల్టును, నట్టును మళ్లీ వాడరాదు. వాటి గట్టిదనం పోతుంది.

నట్టు మూలలు అరిగిపోతే

పానా జారడం మొదలైతే అదే పానాతో ఇంకా తిప్పకూడదు. ఆకురాయితో నట్టు పక్కలను కొద్దిగా రాకి ఒక సైజు తక్కువ ఉన్న సాకెట్‌ను సుత్తితో కొట్టి ఎక్కించాలి. 19 నంబరు నట్టుకు 18 నంబరు సాకెట్ ఇలా పట్టుకుంటుంది. లాకింగ్ ప్లయర్ లేదా పైపు రెంచి కూడా ప్రయత్నించవచ్చు.

అదీ కుదరకపోతే నట్టును కోయడమే మేలు. పదుల రూపాయల నట్టు కోసం వేల రూపాయల భాగాన్ని పాడుచేసుకోకూడదు. గ్రైండర్‌తో లేదా ఆక్సా బ్లేడుతో నట్టు ఒక పక్కను నిలువునా, బోల్టు చుట్లకు తగలకుండా కోసి, ఆ గాటులో ఉలి పెట్టి కొడితే నట్టు విచ్చుకుంటుంది. గ్రైండర్‌కు గార్డు తీసేసి వాడకూడదు. బీటలు వారిన, తడిసిన కటింగ్ చక్రం వాడకూడదు.

బోల్టు విరిగిపోతే

ముందుగా రంధ్రం ఎలాంటిదో చూడాలి. కల్టివేటర్ ఫ్రేములో, కేజ్‌వీల్ పట్టీల్లో బోల్టు ఒక వైపు నుంచి దూరి రెండో వైపు నట్టుతో బిగుస్తుంది. అలాంటి చోట విరిగితే తల కోసి, మిగిలిన ముక్కను పంచ్‌తో కొట్టి బయటికి నెట్టేయవచ్చు. రాకపోతే డ్రిల్ చేసి తీయాలి. చుట్లు ఉండేది నట్టులోనే కాబట్టి రంధ్రానికి పెద్ద నష్టం ఉండదు.

గేర్‌బాక్స్ హౌసింగ్, హబ్, ఇంజిన్ బ్లాక్ వంటి చోట్ల చుట్లు ఆ భాగంలోనే ఉంటాయి. అక్కడ విరిగితే ఓపికగా పని చేయాలి.

ముక్క పైకి కనిపిస్తుంటే: నూనె వేసి నాననిచ్చి లాకింగ్ ప్లయర్‌తో ముందుకు వెనక్కి కదపాలి. లేదా రెండు పక్కలా ఆకురాయితో చదును చేసి పానా వేయాలి. తల లేని స్టడ్డు చుట్లు బాగుంటే రెండు నట్లు ఎక్కించి ఒకదానికొకటి గట్టిగా బిగించి, కింది నట్టును విప్పే వైపు తిప్పాలి.

ముక్క కొంచెమే ఉంటే లేదా సమానంగా విరిగితే: దాని మీద పూత లేని నట్టు ఒకటి పెట్టి, నట్టు రంధ్రం లోపల నుంచి ముక్కకు వెల్డింగ్ చేయించాలి. వెల్డింగ్ వేడికి తుప్పు పట్టు కూడా వదులుతుంది. ఎరుపు తగ్గాక, వెచ్చగా ఉండగానే పానాతో నెమ్మదిగా అటూ ఇటూ కదపాలి. మొదటిసారి వెల్డింగ్ ఊడిపోయినా నిరాశపడకుండా రెండు మూడు సార్లు చేయించాలి. కరెంటు వెల్డింగ్‌కు ముందు ట్రాక్టరు బ్యాటరీ వైర్లు తప్పించాలి. ఎర్త్ క్లాంపును వెల్డింగ్ జరిగే భాగానికే దగ్గరగా తగిలించాలి. దూరంగా తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని పాడు చేస్తుంది.

ముక్క లోపలే ఉండిపోతే: విరిగిన ముఖాన్ని చదును చేసి, సరిగ్గా మధ్యలో సెంటర్ పంచ్‌తో గుంట పెట్టాలి. ఈ పనిలో ఇదే కీలకం. గుంట పక్కకు పోతే డ్రిల్ కూడా పక్కకు పోయి హౌసింగ్ చుట్లు పాడవుతాయి. 12 మి.మీ. బోల్టుకు ముందు 3 మి.మీ. బిట్‌తో, తర్వాత 6 మి.మీ. బిట్‌తో తక్కువ వేగంతో, నూనె వేస్తూ నిటారుగా రంధ్రం చేయాలి. ఎడమ వైపు తిరిగే డ్రిల్ బిట్ దొరికితే ఇంకా మంచిది. రంధ్రం చేస్తుండగానే కొన్నిసార్లు ముక్క విప్పుకుని బయటికి వస్తుంది.

తర్వాత ఎక్స్‌ట్రాక్టర్ (విరిగిన బోల్టు తీసే ఎడమ చుట్ల మేకు) వేసి తిప్పాలి. ఇది చాలా గట్టి ఉక్కు, పెళుసుగా కూడా ఉంటుంది. బలవంతం చేస్తే లోపలే విరుగుతుంది. అప్పుడు మామూలు డ్రిల్ దాన్ని కోయలేదు. కాబట్టి బిగుసుకున్న ముక్కకు ముందు వేడి, నూనె ఇచ్చాకే దీన్ని వాడాలి. గట్టిగా అనిపిస్తే ఆపేసి లేత్ షాపుకు తీసుకెళ్లడం మంచిది.

చుట్లు బాగుచేయడం

ముక్క వచ్చాక రంధ్రంలో అదే కొలత ట్యాప్‌ను నూనె వేసి నడిపి చుట్లను శుభ్రం చేయాలి. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ పోవాలి. కొత్తగా చుట్లు వేయాల్సి వస్తే మామూలు (ముతక) థ్రెడ్డుకు ఈ కొలతలు సరిపోతాయి.

- 8 మి.మీ. బోల్టు: పిచ్ 1.25, డ్రిల్ 6.8 మి.మీ., పానా 13
- 10 మి.మీ. బోల్టు: పిచ్ 1.5, డ్రిల్ 8.5 మి.మీ., పానా 17 (కొన్నింటికి 16)
- 12 మి.మీ. బోల్టు: పిచ్ 1.75, డ్రిల్ 10.2 మి.మీ., పానా 19 (కొన్నింటికి 18)
- 16 మి.మీ. బోల్టు: పిచ్ 2, డ్రిల్ 14 మి.మీ., పానా 24

చుట్లు పూర్తిగా పోతే రంధ్రం పెద్దది చేసి ఒక సైజు పెద్ద బోల్టు వేయవచ్చు, లేదా లేత్ షాపులో చుట్ల తొడుగు (థ్రెడ్ ఇన్సర్ట్) వేయించి పాత సైజు బోల్టునే వాడవచ్చు. పాత మాసే, ఫోర్డ్ వంటి విదేశీ డిజైన్ ట్రాక్టర్లలో చాలా చోట్ల అంగుళాల కొలత బోల్టులు ఉంటాయి. అర అంగుళం బోల్టు, 12 మి.మీ. బోల్టు చూడడానికి ఒకేలా కనిపించినా ఒకదాని చోట ఇంకొకటి పట్టదు. పాత బోల్టును వెంట తీసుకెళ్లి సరిపోల్చి కొనాలి. కొత్త బోల్టు మొదటి మూడు నాలుగు చుట్లు చేతితోనే తిరగాలి. తిరగకపోతే కొలత తప్పో, మట్టో అనుకుని ఆపాలి.

కొత్త బోల్టు ఎంపిక, బిగింపు

బోల్టు తల మీద 8.8, 10.9 వంటి అంకెలు ఉంటాయి. మొదటి అంకెను 10తో హెచ్చిస్తే, చదరపు మిల్లీమీటరుకు సుమారు ఎన్ని కిలోల లాగుడుకు తెగుతుందో తెలుస్తుంది. అంటే 8.8 బోల్టు సుమారు 80 కిలోలు, 10.9 బోల్టు సుమారు 100 కిలోలు తట్టుకుంటుంది. రోటావేటర్ బ్లేడ్లకు, చక్రాలకు కంపెనీ చెప్పిన గ్రేడే వేయాలి. గుర్తులేని మామూలు బోల్టు వేస్తే పొలంలో తెగి బ్లేడు ఎగిరిపడవచ్చు.

ఇందుకు ఒక మినహాయింపు షియర్ బోల్టు. కొన్ని రోటావేటర్లు, గుంతలు తీసే యంత్రాల పీటీఓ షాఫ్టులో ఇది ఉంటుంది. రాయి తగిలినప్పుడు గేర్‌బాక్స్‌ను కాపాడడానికి ఇది ముందు తెగాలి. పదే పదే తెగుతోందని దాని చోట గట్టి బోల్టు వేస్తే ఈసారి తెగేది గేరు పళ్లు.

బిగించే ముందు చుట్లకు పలుచగా గ్రీజు లేదా గ్రాఫైట్ గ్రీజు రాయాలి. మరోసారి విప్పేటప్పుడు సులువుగా రావడానికి ఇదే ఆధారం. అయితే గ్రీజు రాసిన బోల్టు తక్కువ బలానికే గట్టిగా బిగుస్తుంది, కాబట్టి అతిగా లాగరాదు. చక్రం నట్లకు మాత్రం రిమ్ముకు ఆనే వాలు ముఖం మీద గ్రీజు ఉండకూడదు. ఒకసారి తీసిన స్ప్రింగ్ వాషర్, నైలాన్ నట్టు మార్చేయాలి. బ్లేడ్లు, చక్రాల నట్లను ఒక గంట పని చేశాక ఆపి మరోసారి బిగించాలి.

రైతు సొంతంగా చేయకూడనివి

ఇంజిన్ హెడ్డు స్టడ్లు, స్టీరింగు, బ్రేకు భాగాలు, హైడ్రాలిక్ పంపు, గేర్‌బాక్స్ లోపలి బోల్టులు విరిగితే అనుభవం ఉన్న మెకానిక్‌కే అప్పగించాలి. సైలెన్సర్ మానిఫోల్డ్ స్టడ్లు ఎక్కువ వేడి తిని పెళుసుగా ఉంటాయి. వాటిని కూడా వెల్డింగ్ సౌకర్యం ఉన్న చోటే విప్పించాలి. యంత్రాల నిర్వహణ మీద శిక్షణ కావాలనుకునే రైతులకు, యువకులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. సమీప కృషి విజ్ఞాన కేంద్రంలో కూడా అడిగి తెలుసుకోవచ్చు.

తుప్పు పట్టకుండా ముందు జాగ్రత్త

దమ్ము పని ముగిసిన రోజే కేజ్‌వీళ్లు, రోటావేటర్ కడిగి ఎండనివ్వాలి. విత్తే గొర్రులో ఎరువు పెట్టెను ఖాళీ చేసి, నీళ్లతో కడిగి, ఆరాక బోల్టులకు నూనె పూయాలి. వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూసేవారు చేతికి అంటకుండా బ్రష్ వాడాలి, మిగిలినది నేల మీద, కాలువలో పోయకూడదు. పనిముట్లను నేల మీద కాకుండా చెక్క దిమ్మెల మీద, నీడలో ఉంచాలి. బయటికి కనిపించే చుట్లకు గ్రీజు పట్టించాలి. ఏడాదికి ఒకసారి, వేసవిలో, తరచుగా మార్చే కర్రులు, బ్లేడ్ల బోల్టులను ఒక్కొక్కటిగా విప్పి, గ్రీజు రాసి మళ్లీ బిగించాలి. ఒక పనిముట్టుకు ఒక పూట పని చాలు. వాడే సైజు బోల్టులు, నట్లు, వాషర్లు పదేసి చొప్పున ఒక డబ్బాలో ఉంచుకుంటే పదునున్న రోజు బజారుకు పరుగెత్తే పని ఉండదు.